సాల ఖాళీగా లేదు

మా నాన్న పోయే ముందు పెద్దల సమక్షంలో రాయించిన కాగితంలో నాకు దక్కింది ఒక్క వాక్యం. పొలమంతా తమ్ముడిది. ఊరి చివర, తగరపువలస వెళ్ళే రోడ్డుకు రెండు వందల అడుగుల లోపల ఉన్న పశువుల సాల, దాని చుట్టూ పదిహేను సెంట్ల నేల నాది. ఆ వాక్యం చివర ఒక మెలిక ఉంది. సాలలో పశువులు గాని, మేకలు గాని, కోళ్ళు గాని ఉన్నంతకాలమే అది కూతురిది. ఏడాది పొడవునా ఖాళీగా పడి ఉంటే కొడుకు వాటాలో కలుస్తుంది.

ఆ మెలిక నా మీద కోపంతో పెట్టింది కాదు. సాల పాడుబడితే ఆయన చూడలేడు. పెళ్ళి చేసుకుని కంచరపాలెం వెళ్ళిపోయిన కూతురు దానికి తాళం వేసి మరిచిపోతుందని భయపడ్డాడు. ఊళ్ళో మాత్రం చాలా ఏళ్ళు నవ్వుకున్నారు. ఆడకూతురికి పేడ సాల ఇచ్చాడని. నవ్విన వాళ్ళకు తెలియంది ఒకటుంది. ఎనిమిదో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా, పదకొండేళ్ళు, ఆ సాలలో పేడ తీసింది, పాలు పితికింది, సాయంత్రం పొగ వేసింది నేను. తమ్ముడు అందులో కాలు పెట్టింది దాగుడుమూతలకు. కాబట్టి నాన్న నాకు ఇచ్చింది దానం కాదు. నేను పని చేసిన చోటు నాకు ఇచ్చాడు.

ఇరవై రెండేళ్ళు ఒక పాలవాడు అందులో గేదెలు కట్టుకున్నాడు. నేను పోర్టు దగ్గర ఒక గోదాములో బస్తాల లెక్క రాసే ఉద్యోగం చేసుకుంటూ, నెలకొకసారి వెళ్ళి కప్పు చూసి వచ్చేదాన్ని. ఆ పాలవాడికి మధురవాడలో ఏదో అపార్టుమెంటు కాపలా పని దొరికింది. గేదెలు అమ్మేశాడు. చివరి గేదె సాల దాటింది ఆగస్టు తొమ్మిది, శుక్రవారం. ఆ రోజే పుస్తకంలో రాసుకున్నాను. మళ్ళీ ఆగస్టు ఎనిమిది పొద్దు కుంకితే ఏడాది.

వేరే పాలవాడు వస్తాడనుకున్నాను. ఆరుగురు అడిగారు, ఒక్కడూ రాలేదు. అందరికీ సిటీలో ఏదో ఒక పని. కంటి ఆపరేషనుతో నాకు రెండు నెలలు పోయాయి. మార్చి చివర్లో తమ్ముడు కంచరపాలెం వచ్చాడు, పనసకాయ పట్టుకుని. రోడ్డు పక్క తన స్థలంలో ఫంక్షన్ హాలు కడతాడట. కార్లు నిలబెట్టుకోవడానికి సాల ఉన్న చోటు కావాలి.

"నాలుగు నెలలేగదప్పా ఉంది," అన్నాడు, టీ ఊదుకుంటూ. మా వైపు అక్కను అప్ప అంటారు. "ఈలోగా నువ్వు పసువుల్ని కొంటావేటి? ముందు నీ మోకాళ్ళు సూసుకో."

"మోకాళ్ళు నావి. సాలా నాదే."

"ఆగస్టు దాకా నీదే. నాను కాదన్నానేటి? ఆ తరవాత కాయితం పెకారం."

"కాయితంలో కోళ్ళని కూడా ఉంది. సదివేవా?"

వాడికి పొలమారింది. దగ్గి, నవ్వి, మళ్ళీ దగ్గాడు. "కోళ్ళా! గోవులు నిలబడ్డ సాలలో కోళ్ళు పెడతావేటి? పాపం రాదేటి?"

"గోవులెన్నిరా అందులో? రెండు. తక్కినయ్యన్నీ గేదెలు. ఆ దూలాల మీద కోళ్ళు ఎప్పుడూ పడుకునేయి. అమ్మోరి పండక్కి నువ్వు నాకిన పుంజు ఏ మేడలో పెరిగినాదనుకున్నావు?"

నిజం చెప్పాలంటే, ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా నాకు కోళ్ళ ఆలోచనే లేదు. వాడి నవ్వు చూసి వచ్చింది. వాడు మెట్లు దిగేలోపు నేను టేపు వెతుక్కుంటున్నాను.

డబ్బెక్కడిదని అడిగేవాళ్ళకు ఒకే మాట. నేను సంపాదించుకున్నది. ఇంతకంటే రాయను.

ఏప్రిల్ మొదటి వారంలో వెళ్ళి కొలిచాను. పొడవు యాభై నాలుగు అడుగులు, వెడల్పు పద్దెనిమిది. రాతి గోడలు, అడుగున్నర మందం, ఏడడుగుల ఎత్తు. తాటి దూలాలు, పైన పెంకు. నేల మీద రాతి పలకలు, మధ్యలో ఉచ్చ పోయే కాలువ. వెలుతురు రావడానికి పుస్తకమంత కిటికీలు రెండు. పడమటి చివర గడ్డి గది. ఆ కొలతలన్నీ ఒక కాగితం మీద వేసి తగరపువలస పశువుల ఆసుపత్రి డాక్టరమ్మకు చూపించాను. ఆమె చాలాసేపు చూసింది.

"పొడుగు తూర్పు పడమరలుగా ఉండడం మీ అదృష్టం. ఎండ లోపలికి కొట్టదు," అంది. "మిగతా అంతా తలకిందులే మామ్మగారూ. పశువుకి గోడ కావాలి. కోడికి గాలి కావాలి. ఇందులో ఈ గోడలతో పెడితే రెట్ట ఘాటుకు కళ్ళు మండి చస్తాయి."

అంటే రెండు పొడుగాటి గోడలూ తియ్యాలి, కప్పు మాత్రం నిలబడాలి. ఊళ్ళో తాపీమేస్త్రీని పిలిచాను. అరవై ఏళ్ళవాడు. గోడ మీద చెయ్యి వేసి నిమిరాడు.

"మా తాత పెట్టిన రాయి ఇది, పెద్దమ్మా. నా సేత్తో నాను పీకాలా?"

"మీ తాత వచ్చి పీకుతాడేటి?"

"అది కాదు. గోడ తీసీసినావంటే కప్పు కూలిపోద్ది. నెత్తి మీద పడితే నన్నంటారు."

"మొత్తం తియ్యొద్దు. తొమ్మిదడుగులకొక చోట రెండడుగుల రాయి వొగ్గీ, అదే స్తంభం. మధ్యలో ఏడడుగులు తియ్యి. కింద అడుగున్నర ఉంచు. పైన దూలం కింద ఆరంగుళాలు ఉంచు."

చాక్‌పీసుతో గోడ మీద గీసి చూపించాను. పక్కకు ఆరు చొప్పున, రెండు పక్కలా పన్నెండు ఖాళీలు. అతను గీతల్ని చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు గోదాములో రాసేదానివా, కట్టేదానివా?"

"రాసేదాన్నే. కూలిన గోదాముల లెక్క కూడా నానే రాసీదాన్ని. అందుకే తెలుసు."

కప్పుకు సరుగుడు బాదులు పోటు పెట్టి రాళ్ళు ఒక్కొక్కటిగా తీశాడు. పని మొదలయ్యాక అతనికే పంతం వచ్చింది. తాత పెట్టిన రాళ్ళను విసిరేయనివ్వలేదు. వరసగా పేర్చి, వాటితోనే స్తంభాల మొదళ్ళకు ఒత్తు కట్టాడు. దక్షిణపు గోడలో మూడో ఖాళీ తీసిన రోజు పైన పటపటమని చప్పుడైంది. పెంకులు జారాయి. కూలీలు బయటికి పరిగెత్తారు. మేస్త్రీ పరిగెత్తలేదు. నేను పరిగెత్తలేను కాబట్టి పరిగెత్తలేదు. ఇద్దరం లోపలే నిలబడి పైకి చూశాం. దూలం దిగి ఆగింది.

"అంగుళం దిగినాది," అన్నాడు.

తాడు కట్టి కొలిచాను. రెండంగుళాలు. అతను ఒప్పుకుని, మర్నాడు ఆ స్తంభం వెడల్పు చేశాడు.

ఆ సాయంత్రం తమ్ముడు బండి మీద వచ్చి, రోడ్డు మీదే ఆపి చూశాడు. గోడలు లేని సాల పక్కటెముకలు బయటపడ్డ బక్కెద్దులా ఉంది. "నాకు కూలి ఖర్చు మిగిలిస్తన్నావప్పా! సగం నువ్వే పీకీసినావు," అని అరిచాడు. వాడి నవ్వు రోడ్డు మలుపు దాకా వినిపించింది.

పన్నెండు ఖాళీలకు ఇనప జాలీ కావాలి. దానికి పోర్టు పక్క పాత ఊళ్ళోకి వెళ్ళాను. మా గోదాముకు వలలు, తాళ్ళు అమ్మిన ముసలి ముస్లిం దుకాణదారు ఇంకా ఆ కొట్లోనే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ తుడిచాడు. నేను చవక రకం జాలీ మీద చెయ్యి పెట్టగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సముద్రం ఎంత దూరమమ్మా మీకు?"

"నాలుగు కిలోమీటర్లు."

"అయితే అది ఒద్దు. రెండు వానాకాలాలకు పొడైపోద్ది. జింకు పూత ఉన్నది తీస్కోండి. కన్ను కూడా సన్నది ఉండాల. దీంట్లోంచి పాము దూరతాది, ముంగిస పిల్ల దూరతాది."

నా కొలతల కాగితం చూసి పెన్సిలు తీశాడు. నాలుగు వందల ఇరవై చదరపు అడుగులని నేను వేశాను. "లెక్క కరెక్టే. అంచు మడత మరిచారు," అన్నాడు. నాకు ముఖం వేడెక్కింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళ గోదాము ఉద్యోగంలో నా కాగితం దిద్దినవాళ్ళు నలుగురో ఐదుగురో. ఆయన ఐదో వాడో ఆరో వాడో. మడతతో కలిపి తీసుకున్నాను.

మే, జూన్ నేల మీద పోయాయి. కాలువను రాతి ముక్కలతో నింపి సిమెంటు చేయించాను. లేకపోతే కింద పరిచిన ఊక పల్లానికి జారి తడిసి కుళ్ళుతుంది. డెబ్బై ఏళ్ళ ఉచ్చ తాగిన పలకలు, మూడుసార్లు సున్నం కొట్టినా వాన పడితే ఆవు వాసన వచ్చేవి. నాకది చెడ్డ వాసన కాదు. కుడితి తొట్టె ఒకటి పగలకుండా తీసి గుమ్మం ముందు పెట్టించాను. అందులో ఫినాయిల్ నీళ్ళు. కాలు ముంచకుండా ఎవరూ లోపలికి రాకూడదు. ఎరువుల సంచులు విప్పి కుట్టి తెరలు చేశాను, పన్నెండూ నా చేతి కుట్టే. గడ్డి గదిలో నా మంచం, స్టవ్వు.

హేచరీ వాళ్ళు పిల్లలు లేవని రెండుసార్లు వాయిదా వేశారు. జులై ఇరవై ఒకటి, సోమవారం, పొద్దున్న వచ్చాయి. నాలుగు పెట్టెలు. వందకు రెండు కొసరు వేయడం వాళ్ళ మామూలు. ఒక్కొక్కటి చేతిలోకి తీసి, ముక్కు నీళ్ళలో ముంచి, వదిలాను. నాలుగు వందల ఎనిమిది. బల్బుల కింద, రేకు కంచె లోపల, పసుపు పొడి పోసినట్టు ఉంది. మేస్త్రీ తొట్టెలో కాళ్ళు ముంచి వచ్చి చూసి, "సాలకి మళ్ళీ ఊపిరొచ్చినాది," అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళు తడిశాయి. ఆపరేషను కన్ను అని చెప్పాను.

ఇక్కడి నుంచి నా తప్పు రాయాలి. రాస్తాను.

ఏడో రోజు ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. జల్లు లోపలికి కొట్టకుండా తెరలన్నీ దించి ఉన్నాయి. సాయంత్రం ఆరు కావస్తుండగా దోమలు, ఈగలు కమ్ముకున్నాయి. ఆ వేళకు ఆ సాలలో ఏం చెయ్యాలో నా చేతులకు తెలుసు. పదకొండేళ్ళు రోజూ చేసిన పని. పాత బాణలిలో నిప్పులు వేసి, పైన పచ్చి వేపాకు వేసి, మూలన పెడితే పొగ నేల మీదుగా పాకుతుంది. గేదెలు కళ్ళు మూసుకుని హాయిగా నిలబడతాయి. నేను ఆలోచించి చేసి ఉంటే చేసేదాన్ని కాదు. ఆలోచించలేదు. బాణలి పెట్టి, గడ్డి గదిలోకి వెళ్ళి, చేతులు కడుక్కుని, అన్నం వార్చాను. పావుగంట.

తిరిగి వచ్చేసరికి చప్పుడు లేదు. వారం రోజులుగా ఆ పిల్లల కిచకిచ నా చెవిలో ఆగలేదు. అప్పుడు ఆగింది. పొగకు దూరంగా కంచె అవతలి అంచుకు అన్నీ పరుగెత్తి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, గోడలా పేరుకున్నాయి. తెరలు ఎత్తాను. బాణలి బయటికి విసిరాను. రెండు చేతులతో తవ్వి తీశాను. పైవి బతికాయి. అడుగునవి వెచ్చగానే ఉన్నాయి, కదల్లేదు. నేల మీద వరసగా పరిచాను, పదికి ఒక వరస. ఆరు వరసలు, ఇంకొకటి.

పుస్తకంలో రాశాను. అరవై ఒకటి. కారణం అనే చోట 'నేను' అని రాశాను.

రాసి ఊరుకుంటే అది నా గొడవ. కాని మర్నాడు గొయ్యి తీయడానికి వచ్చిన మనిషి ఊళ్ళో చెప్పాడు, మధ్యాహ్నానికి ఊరు ఇంకోలా చెప్పుకుంది. సాలలో కోళ్ళకు రోగం వచ్చిందట. రేపో మాపో ఊరి కోళ్ళన్నిటికీ తగులుతుందట. గోవులు నిలబడ్డ చోటు కదా, పాపం ఊరికే పోతుందా అట. సాయంత్రానికి తమ్ముడు వచ్చాడు. ఈసారి నవ్వలేదు. గుమ్మం అవతలే నిలబడి మెల్లిగా మాట్లాడాడు. వాడు మెల్లిగా మాట్లాడితేనే నాకు భయం.

"అప్పా, జనం గోల సేత్తన్నారు. రోగం కోళ్ళు తీసీమంటన్నారు. పంచాయితీ ఆఫీసుకి ఎల్తారట. నాను ఆపుతాను, ఎంతకని ఆపుతాను? ఈ వారంలోనే అన్నీ ఎత్తించీ."

"ఈ వారంలో ఎత్తిస్తే ఎనిమిదో తారీకుకి సాల ఖాళీ."

"నాను తారీకు మాటాడ్లేదు."

"నువ్వు మాటాడవు. ఇది రోగం కాదు. పొగ."

"ఏం పొగ?"

చెప్పాను. "నువ్వా? నువ్వు మర్సిపోయేవా?" అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు, అది వాడి మంచితనం. కాని వెంటనే అన్నాడు. "ఆ మాట ఎవరికీ సెప్పకు. పెద్దదానివి, పరువు పోద్ది. రోగమంటే నీ తప్పుండదు. ఎత్తించీసి, మర్యాదగా ఊరుకో."

వాడు వెళ్ళాక మంచం మీద కూర్చుని లెక్క వేశాను. పిల్లల లెక్క కాదు. ఒక పక్క నా పరువు, ఒక పక్క సాల. ఊళ్ళో నాకున్న పేరు ఒకటే. నా లెక్క తప్పదు, నా పని తప్పదు. కోడళ్ళను తిట్టడానికి అత్తలు నా పేరు చెప్పేవారు. ఆ పేరు ఉంచుకుంటే సాల పోతుంది. సాల ఉంచుకోవాలంటే, వేపాకు పొగతో అరవై ఒక్క పిల్లల్ని చంపిన ముసలిదాన్ని నేనేనని నా నోటితో చెప్పాలి. చెప్పకపోతే సాల తమ్ముడికి దక్కుతుంది, నాకు మిగిలేది ఆ మర్యాదే. అక్కర్లేదనుకున్నాను.

ఉదయం ఆరు గంటలకు ఊరంతా కలిసే చోటు పాల కేంద్రం. మాడిన బాణలి చేత్తో పట్టుకుని వెళ్ళాను. క్యాన్లతో పాతికమంది ఆడవాళ్ళు, పదిమంది మగవాళ్ళు. నన్ను చూసి సందు ఇచ్చారు, గౌరవానికి కాదు, రోగం అంటుతుందని.

"ఇదిగో రోగం," అని బాణలి అరుగు మీద పెట్టాను. "సాయంత్రం యాపాకు పొగేసేను. గేదెలకి ఏసినట్టు. తెరలు దించుండగా. కోడిపిల్లలు పొగకి బెదిరి ఒకదాని మీద ఒకటి పడి సచ్చిపోనాయి. రోగం లేదు, రొస్టు లేదు. బుద్ధి లేంది నాకు. అనుమానం ఉన్నోళ్ళు నాతో ఆసుపత్రికి రండి, మూడు పిల్లల్ని పొట్లం కట్టి ఉంచేను, డాక్టరమ్మ కోసి సూత్తాది."

ఒక ముసలామె, నాకంటే పెద్దది, బాణలిలోకి వంగి చూసింది.

"ఓలమ్మా! పచ్చాకేసేవా?"

"పచ్చాకే."

"నిప్పులు ఎన్నేసేవు?"

"రెండు దోసిళ్ళు."

"రెండు దోసిళ్ళకి నా పెద్ద గేదె కూడా దగ్గుద్ది, కోడిపిల్లలుంటాయేటి? గోదాములో ఇదేనేటి నీకు నేర్పింది?"

అందరూ ఒక్కసారి నవ్వారు. క్యాన్లు కింద పెట్టి మరీ నవ్వారు. ఒకామె తన అత్త కుందేళ్ళకు ఇలాగే పొగ వేసిందని చెప్పింది. ఇంకొకామె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మధ్యలో నిలబడి ఆ నవ్వంతా నా మీద పడనిచ్చాను. తల దించలేదు. రోగానికి ఎవరూ నవ్వరు. నవ్వారంటే నమ్మారు. ఇద్దరు నాతో ఆసుపత్రికి వచ్చారు. డాక్టరమ్మ కోసి చూసి, ఊపిరాడక చచ్చినవేనని వాళ్ళకే చెప్పింది, నాకు విడిగా చీవాట్లు పెట్టింది. ఆ రోజు నుంచి ఊళ్ళో పిల్లలు నన్ను చూసి ముక్కు మూసుకుని దగ్గేవారు. దగ్గనీ.

ఆగస్టు ఎనిమిది. శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. మరదలి పూజ అయ్యాక తమ్ముడు భోజనం చేసి మూడు గంటలకు వచ్చాడు, తెల్ల పంచె కట్టుకుని, సిన్నాన్నను వెంటబెట్టుకుని. సిన్నాన్న మా నాన్నకు వరసకు తమ్ముడు, ఎనభై ఆరేళ్ళు. ఆ కాగితం రాసింది ఆయన చెయ్యే.

"సిన్నాన్నా, కాయితంలో కోళ్ళన్నారు. పిల్లలన్లేదు," అని మొదలుపెట్టాడు తమ్ముడు.

"కోడిపిల్లని కోడి కాక మేకంటారేటిరా?" అన్నాడు సిన్నాన్న.

"అది సరే. నాలుగొందలని ఊరంతా సెప్పుకుంది. సచ్చినయ్యి సచ్చిపోగా లోపల పదో పరకో ఉంటాయి. పదుంటే సాల నిండినట్టేనేటి?"

"లెక్కెట్టుకో," అన్నాను. "ముందు కాళ్ళు ముంచు."

వ్రతం రోజు, కొత్త పంచె, ఫినాయిల్ నీళ్ళు. సిన్నాన్న ముందు ముంచాడు కాబట్టి వాడూ ముంచాడు.

కదిలే పిల్లల్ని చూపుతో లెక్కపెట్టలేం. గోదాములో బస్తాలను ఎప్పుడూ గుట్టగా లెక్కపెట్టనివ్వరు. ఇరుకు దారిలోంచి ఒక్కొక్కటీ దాటాలి, దాటినప్పుడు ఒకడు అరవాలి, ఒకడు గీయాలి. సాల మధ్యలో అట్టలు అడ్డం పెట్టి జానెడు సందు ఉంచాను. పిల్లలన్నీ తూర్పు పక్క. నేను పడమటి పక్క మేత గిన్నె తట్టాను. సందు దగ్గర తమ్ముడు, తలుపు మీద గీయడానికి చాక్‌పీసుతో కుర్చీలో సిన్నాన్న. నేను నోరు విప్పకూడదని నేనే షరతు పెట్టాను.

మొదటి యాభై దాకా వాడు నిలబడే అరిచాడు. తర్వాత గొంతుక్కూర్చున్నాడు. నూరు దాటాక పంచె ఎగ్గట్టి ఊకలోనే చతికిలబడ్డాడు. "ఏయ్, నువ్వెళ్ళేవు గదే! మళ్ళీ ఎందుకొచ్చినావు? ఎనక్కెళ్ళు!" అని ఒకదాన్ని పట్టి వెనక్కి వేశాడు. "సిన్నాన్నా, గీసేవా? నూట తొంభై నాలుగు గీసేవా?" "గీసేనురా, అరవకు, ఎదిరి మనిసి సెవిటోడు కాడు." దాగుడుమూతల కోసం తప్ప ఆ సాలలో కాలు పెట్టని మనిషి గంటన్నర అందులో కూర్చున్నాడు. తల మీద, భుజాల మీద ఊక. చివరి పిల్లను తనే ఎత్తి ఇవతల పెట్టి లేచాడు.

సిన్నాన్న గీతలు కూడాడు. మూడు వందల ముప్ఫై రెండు.

నా పుస్తకం తెరిచాను. నాలుగు వందల ఎనిమిదిలో మొదటి వారం పోయినవి ఏడు, పొగకు పోయినవి అరవై ఒకటి, ఆ తర్వాత తొమ్మిది. మూడు వందల ముప్ఫయ్యొకటి ఉండాలి.

తమ్ముడు చప్పట్లు కొట్టాడు. "తప్పు! అప్ప లెక్క తప్పు! రాసుకో సిన్నాన్నా, పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి!"

"తప్పే," అన్నాను. "ఒకటి ఎక్కువున్నాది. ఖాళీ అన్నోడికి ఒకటెక్కువే కనబడింది. అదీ రాయి సిన్నాన్నా."

వచ్చినరోజు లెక్క తప్పానో, చచ్చినవి ఎక్కువ రాశానో, ఆ సాయంత్రం చనిపోయిందని నేల మీద పరిచిన వాటిలో ఒకటి లేచి వెళ్ళిపోయిందో, ఈ రోజుకీ నాకు తెలియదు. తెలియదని పుస్తకంలో రాసి ఉంది.

సిన్నాన్న నాన్న కాగితం వెనక వైపు రాశాడు, ఈ తేదీన సాలలో మూడు వందల ముప్ఫై రెండు కోళ్ళు ఉండగా చూశామని. 'పిల్లలు' అని రాయలేదు. కింద సంతకం చేసి కాగితం తమ్ముడికి అందించాడు. వాడు చదివాడు, మళ్ళీ చదివాడు. సంతకం పెట్టాడు. పెన్ను తిరిగి ఇస్తూ, తల మీద ఊక దులుపుకుంటూ, నన్ను చూడకుండా అన్నాడు.

"నీకు డెబ్బై రెండు, అప్పా. ఎన్నాళ్ళని సేత్తావు? నువ్వు పోతే ఈ కోళ్ళేటి, సాలేటి?"

"కాయితం మళ్ళీ సదువుకో. అందులో కోళ్ళుండాలని ఉంది గాని నాను బతికుండాలని ఎక్కడా లేదురా."

సిన్నాన్నకు నవ్వు వచ్చి దగ్గు వచ్చింది. తమ్ముడు ఆయన వీపు రాశాడు. నేను అట్టలు తీసేశాను. పిల్లలు రెండు పక్కలకూ పరుచుకున్నాయి. సాయంత్రం మేత వేళ కావచ్చింది, వాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు, జరగమన్నాను.